అటక మీది పెళ్లి ఫుటేజ్, కొత్త టైమ్‌లైన్: ఒక హెచ్‌డీ ప్రాజెక్టు డైరీ

1వ రోజు: సరుకు లెక్క

హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక మిక్సింగ్ యూనిట్. 2007 నుంచి 2016 దాకా తీసిన పెళ్లిళ్ల ముడి ఫుటేజ్ అటక మీదే ఉండిపోయింది. దించి లెక్కేస్తే హెచ్‌డీవీలో (టేపు మీద హెచ్‌డీ వీడియో రాసే పద్ధతి) రికార్డయిన మినీ డీవీ టేపులు 38, మెమరీ కార్డుల నుంచి కాపీ చేసిన ఫోల్డర్లు 61, ఏ పెళ్లివో తెలియకుండా డెస్క్‌టాప్ మీద కుప్పపోసినట్టున్న విడి ఎంటీఎస్ ఫైళ్లు (కార్డు కెమెరాల వీడియో ఫైళ్లు) కొన్ని వందలు.

అడిగిన పని ఇది: ప్రతి క్లిప్పూ ఎడియస్, ప్రీమియర్, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మూడింటిలోనూ బొమ్మతో, శబ్దంతో సరిగ్గా తెరుచుకోవాలి. క్వాలిటీ పోకూడదు, అసలు ఫైలు చెక్కుచెదరకూడదు.

యూనిట్‌లో వాళ్ల ఫిర్యాదు ఒక్కటే: "కొత్త సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ చేయట్లేదు." ఈ ఒక్క మాట కింద అయిదు వేరువేరు జబ్బులుంటాయి. ఫైలు కంటైనర్, అంటే వీడియో, ఆడియోలను పెట్టే డబ్బా, నచ్చకపోవడం ఒకటి. లోపలి వీడియో కోడెక్, అంటే కుదించే పద్ధతి, తెలియకపోవడం రెండోది. వీడియో వచ్చి ఆడియో రాకపోవడం మూడోది. రెండూ వచ్చినా కదలిక చెడిపోవడం, అంటే ఫీల్డుల (ఫ్రేములో సగం సగం గీతల) గొడవ, నాలుగోది. క్లిప్పులన్నీ తెరుచుకుని అతుకుల దగ్గర బొమ్మ ఎగిరిపోవడం అయిదోది. వీటన్నిటికీ కలిపి "కన్వర్టర్‌లో వేసేయ్" అనే ఒకే మందు మన దగ్గర చాలాకాలంగా నడుస్తోంది. ఈ ప్రాజెక్టులో ఆ మందు చివరి గత్యంతరం మాత్రమే.

సిస్టమ్: ఐ5-12400 ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, 8 టీబీ హార్డ్‌డిస్కులు రెండు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొనేవాళ్లకు ఒక మాట: ఇదే ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, దాంతో ఇంటెల్ క్విక్ సింక్ కూడా ఉండదు. ధర కాస్త తగ్గుతుంది గానీ, హెచ్.264 అనే కోడెక్ డీకోడింగ్‌ను హార్డ్‌వేర్ మీదికి నెట్టే దారుల్లో ఒకటి మూసుకుపోతుంది.

2వ రోజు: పేరు చూసి కాదు, లోపల చూసి

ప్రతి ఫైలునూ లోపలి వివరాలు చూపే మీడియాఇన్ఫోలో తెరిచి ఒక పట్టికలోకి ఎక్కించాం. వందల ఫైళ్లున్నప్పుడు అలాంటిదే అయిన ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌తో ఒకేసారి జాబితా తీయడం తేలిక. తేలిన రకాలు ఇవి.

హెచ్‌డీవీ: వీడియో ఎంపెగ్-2, 25 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). ఫ్రేము 1440×1080. ఆడియో ఎంపెగ్-1 లేయర్ 2, 384 కేబీపీఎస్. ఈ ఫార్మాట్ 2003లో వచ్చింది. సోనీ ఎఫ్‌ఎక్స్1, జెడ్1 కెమెరాలతో తీసిన టేపులన్నీ ఇవే.

ఎవీసీహెచ్‌డీ: 2006లో సోనీ, పానసోనిక్ కలిసి తెచ్చినది. వీడియో హెచ్.264, గరిష్ఠంగా 24 ఎంబీపీఎస్. 2011లో వచ్చిన రెండో రూపంలో 1080లో సెకనుకు 50 పూర్తి ఫ్రేములు, 28 ఎంబీపీఎస్ దాకా. ఆడియో ఎక్కువ చోట్ల డాల్బీ ఏసీ-3, కొన్ని కెమెరాల్లో కుదింపు లేని పీసీఎం. కెమెరాలో ఫైలు పేరు చివర ఎంటీఎస్ అనీ, కొన్ని దిగుమతి సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్‌కు తెచ్చాక ఎం2టీఎస్ అనీ ఉంటుంది. లోపలి సరుకు ఒకటే, ఆ తేడా చూసి కంగారు పడనక్కర్లేదు.

ఎక్స్ఏవీసీ ఎస్: 2013 తర్వాతది. ఎంపీ4 డబ్బాలో హెచ్.264, పీసీఎం ఆడియో. ఇవి కొన్నే ఉన్నాయి, కొత్త సాఫ్ట్‌వేర్లలో ఏ పేచీ పెట్టలేదు. 2013కు ముందు సాఫ్ట్‌వేర్ పట్టుకుని వేలాడుతున్న సిస్టమ్‌లోనే తెరుచుకోలేదు. అక్కడితో వాటి కథ ముగిసింది.

చూడగానే కంగారు పుట్టించేది ఒకటుంది. ఎవీసీహెచ్‌డీ 50ఐ (సెకనుకు 50 ఫీల్డులు) ఫైలుకు ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్ ఒక చోట 25 అని, ఇంకో చోట 50 అని చూపిస్తుంది. ఫైలు చెడలేదు. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు. సగటు ఫ్రేమ్ రేటు అన్న చోట ఉన్న అంకెనే నమ్మాలి. ఆ 50ని చూసి ప్రాజెక్టును 50పీలో (సెకనుకు 50 పూర్తి ఫ్రేములు) మొదలుపెడితే తర్వాత అన్నీ తప్పులే.

3, 4 రోజులు: ఫోల్డరును విప్పొద్దు

కార్డులో 'ప్రైవేట్' ఫోల్డరు, దాంట్లో 'ఎవీసీహెచ్‌డీ', దాంట్లో 'బీడీఎంవీ', దాని కింద 'స్ట్రీమ్', 'క్లిప్‌ఇన్ఫ్', 'ప్లేలిస్ట్'. వీడియో ఉండేది 'స్ట్రీమ్'లో. మిగతావి కిలోబైట్ల సైజులో కనిపిస్తాయి కాబట్టి చాలామంది స్ట్రీమ్‌లోంచి ఎంటీఎస్‌లు మాత్రం లాగేసుకుని కార్డు ఫార్మాట్ కొడతారు. దాంతో రెండు నష్టాలు.

మొదటిది పేర్లు. కెమెరా ప్రతి కొత్త కార్డులోనూ 00000తోనే నంబర్లు మొదలుపెడుతుంది. రెండు కార్డుల ఫైళ్లు ఒకే ఫోల్డరులో పడితే విండోస్ "రీప్లేస్ చేయాలా" అని అడుగుతుంది, రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఎవరో "అవును" నొక్కుతారు. ఈ అటకలో కనీసం ఒక పెళ్లికి అదే జరిగింది: ప్లేలిస్టులో పేర్లున్న క్లిప్పులు స్ట్రీమ్‌లో లేవు. పోయిన దానికి మందు లేదు. ఇకపైన 'తేదీ, కెమెరా, కార్డు నంబరు' పేరుతో ఒక పై ఫోల్డరు పెట్టి దాంట్లోకి మొత్తం 'ప్రైవేట్' ఫోల్డరును కదపకుండా దించాలి. దించాక రెండు వైపులా చెక్‌సమ్ (ఫైలు డేటా నుంచి లెక్కగట్టే గుర్తు అంకె) తీసి పోల్చాకే కార్డు ఫార్మాట్ చేయాలి.

రెండోది అతుకులు. 32 జీబీ దాకా కార్డులు ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటాయి, ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటలేదు. అందుకే కెమెరా ఆపకుండా తీసిన షాట్‌ను ముక్కలు చేస్తుంది. ఈ అటకలోని సోనీ ఫైళ్లు 2 జీబీ దగ్గర తెగాయి. 24 ఎంబీపీఎస్ చొప్పున 2 జీబీ అంటే సుమారు 12 నిమిషాలు. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా కెమెరాను స్టాండ్ మీద పెట్టి 50 నిమిషాలు ఆపకుండా తీస్తే అయిదు ఫైళ్లవుతాయి. వాటిని విడివిడిగా టైమ్‌లైన్ మీద పక్కపక్కన పెడితే ప్రతి అతుకు దగ్గరా కొన్ని ఫ్రేములు ఎగురుతాయి, మేళం శబ్దంలో 'టక్' వినిపిస్తుంది. కారణం: ఫ్రేముల గుంపు, ఆడియో పొట్లం రెండూ ఫైలు హద్దు చూసుకుని ఆగవు. సగం ఈ ఫైలులో, సగం తర్వాతి ఫైలులో పడతాయి. దేనికది తెరిస్తే ఆ సగాలను సాఫ్ట్‌వేర్ పారేస్తుంది.

కార్డు ఫోల్డరు పూర్తిగా ఉంటే ప్రీమియర్‌లో ఫైలును నేరుగా లాగకుండా మీడియా బ్రౌజర్ నుంచి తేవాలి. అది ప్లేలిస్టు చదివి అయిదు ముక్కలనూ ఒకే క్లిప్పుగా చూపిస్తుంది. మ్యాక్‌లో 'ఎవీసీహెచ్‌డీ' ఫోల్డరే ఒక మూట ఫైలులా కనిపిస్తుంది. లోపలికి వెళ్లాలంటే కుడి క్లిక్ చేసి 'షో ప్యాకేజ్ కంటెంట్స్' అనాలి. అయితే ఫైనల్ కట్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ మూటను అలాగే చూపించడమే మేలు.

ఫోల్డరు ఎప్పుడో చిరిగిపోయి, విడి ఎంటీఎస్‌లే మిగిలిన చోట బైనరీగా, అంటే డేటాను ఉన్నదున్నట్టు, అతకడమే దారి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'కాపీ' ఆజ్ఞకు 'స్లాష్ బీ' చేర్చి, ఫైళ్ల పేర్ల మధ్య కూడిక గుర్తు పెట్టి, చివర కొత్త పేరు ఇస్తే చాలు. స్లాష్ బీ మరిస్తే ఫైలు మధ్యలో తెగే ప్రమాదం ఉంది. ఎంటీఎస్ డబ్బా అయిన ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ అనేది చిన్న చిన్న పొట్లాల వరుస, అందుకే ఒకదాని తోకకు ఇంకోదాని తల తగిలించినా బతుకుతుంది. ఎంపీ4తో ఇలా చేస్తే మొదటి ముక్క మాత్రమే ఆడుతుంది.

ఏవి అతకాలో ఏవి అతకకూడదో తెలియడం ముఖ్యం. ముందు ఫైలు 2 జీబీకి ఆనుకుని ఉండాలి, తర్వాతి ఫైలు టైమ్‌స్టాంప్ ముందుది ఆగిన చోటి నుంచే మొదలవ్వాలి. రెండూ కుదిరితేనే ఒకే షాట్. కుదరని ఫైళ్లను వరుస నంబర్లున్నాయి కదా అని అతికితే టైమ్‌స్టాంప్ వెనక్కి దూకుతుంది, అక్కడి నుంచి బొమ్మకూ శబ్దానికీ పొత్తు ఉండదు. మొదటి ప్రయత్నంలో అడ్డుతెర షాట్‌నూ వేరే గదిలోని పెళ్లికొడుకు షాట్‌నూ అతికేశాం. ఫైలు మొత్తం నిడివి 26 గంటలని చూపించింది.

అతికిన ఫైలు 9 జీబీ దాకా వచ్చింది. అది ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ లాంటిది ఉండాలి.

5వ రోజు: బొమ్మ ఉంది, మేళం లేదు

కొత్త సిస్టమ్‌లో విండోస్ 11, 24హెచ్2 రూపం తాజాగా ఎక్కించి ఉంది. ప్రీమియర్‌లో ఎంటీఎస్ తెరిస్తే వీడియో ఒక్కటే వచ్చింది. పక్క గదిలోని పాత విండోస్ 10 సిస్టమ్‌లో అదే ఫైలు శబ్దంతో ఆడింది. ఫైలు మీద అనుమానం ఉండాల్సిన అవసరం అక్కడే తీరిపోయింది.

24హెచ్2 నుంచి మైక్రోసాఫ్ట్ ఏసీ-3 కోడెక్‌ను విండోస్‌తో పాటు ఇవ్వడం ఆపేసింది. పాత విండోస్ నుంచి అప్‌గ్రేడ్ అయిన సిస్టమ్‌లో అది మిగిలే ఉంటుంది, తాజాగా ఎక్కించినదాంట్లో ఉండదు. ప్రీమియర్ డాల్బీ డీకోడింగ్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడుతుంది కాబట్టి మూగబోయింది. వీఎల్‌సీలో శబ్దం వస్తోంది కదా అన్నది రుజువు కాదు, దాని డీకోడర్ దాని దగ్గరే ఉంటుంది.

మందు: వీడియోను ముట్టుకోకుండా ఆడియోను మాత్రం మార్చడం. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్ లైన్ సాధనంలో వీడియో కోడెక్ దగ్గర 'కాపీ' అని, ఆడియో దగ్గర 16 బిట్ పీసీఎం అని ఇచ్చి, ఎంఓవీ డబ్బాలోకి పంపాం. బొమ్మ మళ్లీ కుదింపుకు లోనుకాదు కాబట్టి క్వాలిటీ చుక్క కూడా పోదు, వేగం హార్డ్‌డిస్కు ఎంత రాయగలిగితే అంత. 48 కిలోహెర్ట్జ్ స్టీరియో పీసీఎం అంటే 1.536 ఎంబీపీఎస్, గంటకు 0.7 జీబీ లోపే.

రెండు జాగ్రత్తలు. డబ్బా మార్చినప్పుడు ఆడియో ఒకటి రెండు ఫ్రేములు జరగవచ్చు. డోలు మీద కర్ర పడే క్షణం చూసి, శబ్దం అదే ఫ్రేములో ఉందో లేదో ప్రతి కెమెరా రకానికీ ఒక క్లిప్పులో సరిచూశాం. రెండోది, ఇళ్లల్లో వాడే హ్యాండీక్యామ్‌లలో కొన్ని 5.1 చానళ్లలో రికార్డు చేస్తాయి. స్టీరియోకు గుడ్డిగా కలిపేస్తే వెనక చానళ్లలోని "అమ్మా, ఇటు చూడండి, ఇంకొక్కసారి" అన్న కెమెరామన్ గొంతు మంత్రాల మీదికి వచ్చేస్తుంది. అవి విడిగా ఉంచి, వెనక రెండూ మ్యూట్ చేసి, ముందు మూడింటినే కలిపాం.

6 నుంచి 13వ రోజు దాకా: టేపులు

టేపుకు అడ్డదారి లేదు. గంట టేపుకు గంట పడుతుంది. 38 టేపులు, రోజుకు అయిదు. మిగతా పనులు పక్కనే సాగాయి.

ముందు కార్డు. ఇప్పటి మదర్‌బోర్డుల మీద టేపు కెమెరాను కలిపే ఫైర్‌వైర్ పోర్టు ఉండదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు వాడాం. కోఠి గుజరాతీ గల్లీలోనూ ఆన్‌లైన్‌లోనూ ఒక చివర ఫైర్‌వైర్, ఇంకో చివర యూఎస్‌బీ ఉన్న తీగ చౌకగా కనిపిస్తుంది. దాంతో టేపు రాదు. రెండు ప్రోటోకాళ్లూ వేరు, మధ్యలో ఏ చిప్పూ లేని ఉత్త తీగ వాటిని కలపలేదు.

కెమెరా వైపు నాలుగు పిన్నుల ఐ.లింక్ (ఫైర్‌వైర్‌కే సోనీ పేరు), కార్డు వైపు ఆరు పిన్నులు. ఆరు పిన్నుల సాకెట్‌లో కరెంటు కూడా ఉంటుంది. తీగను తలకిందులుగా బలవంతంగా గుచ్చితే కెమెరా పోర్టు కాలిపోతుంది, అది కాలితే బాగుచేసేవాళ్లు ఇప్పుడు దొరకడం కష్టం. అందుకే క్రమం ఇది: రెండూ ఆపి తీగ పెట్టి, తర్వాత కెమెరా ఆన్.

కెమెరా మెనూలో రెండు అమరికలు సగం మందిని ముంచుతాయి. వీసీఆర్ ఫార్మాట్ 'హెచ్‌డీవీ' మీద ఉండాలి. ఐ.లింక్ కన్వర్షన్ 'ఆఫ్' ఉండాలి. అది ఆన్‌లో ఉంటే కెమెరా హెచ్‌డీని 720×576 డీవీగా (హెచ్‌డీకి ముందటి పద్ధతి) తగ్గించి పంపుతుంది, కంప్యూటర్‌లో ఫైలు చక్కగా వస్తుంది, తప్పు జరిగినట్టు ఎవరికీ తెలియదు. ఈ అటకలో 'హెచ్‌డీ' అని రాసున్న పాత హార్డ్‌డిస్కులో ఒక పెళ్లి మొత్తం అలా డీవీలోనే ఉంది. టేపు మిగిలి ఉండబట్టి సరిపోయింది.

విండోస్‌లో డ్రైవరుతో కుస్తీ పట్టే బదులు పాత సిస్టమ్ ఒకదాంట్లో లినక్స్ పెట్టి టేపు దింపే డీవీగ్రాబ్ వాడాం, ఫార్మాట్ హెచ్‌డీవీ అని చెప్పి. గంటకు దాదాపు 12 జీబీ. ఇది కన్వర్షన్ కాదు, టేపు మీది డేటా ఉన్నదున్నట్టు ఫైలుగా దిగడమే.

టేపును పెట్టగానే ప్లే కొట్టొద్దు. చివరిదాకా ఫార్వర్డ్ చేసి మళ్లీ వెనక్కి చుట్టాలి, ఏళ్లుగా అంటుకుపోయిన పొరలు వదులవుతాయి. ప్రతి నాలుగు టేపులకు ఒకసారి హెడ్ క్లీనింగ్ క్యాసెట్ పది సెకన్లు, అంతకు మించి వద్దు, అది ఉప్పుకాగితం లాంటిదే.

హెచ్‌డీవీలో డ్రాపవుట్ (టేపు మీది డేటా చదవలేకపోవడం) డీవీలోలా చిన్న గళ్లతో పోదు. 50ఐలో 12 ఫ్రేములు ఒక గుంపు. గుంపులో మొదటి పూర్తి ఫ్రేము దెబ్బతింటే దాని మీద ఆధారపడ్డవన్నీ పోతాయి. అంటే దాదాపు అర సెకను బొమ్మ బిగుసుకుపోతుంది, శబ్దమూ పోతుంది. ఏడు టేపుల్లో ఇలాంటి చోట్లున్నాయి. హెడ్ తుడిచి అదే టేపును రెండోసారి దింపితే నాలుగింటిలో లోపం వేరే చోటికి మారింది. రెండు దింపుళ్లలోని బాగున్న భాగాలను కలిపి పూర్తి చేశాం. మిగతా మూడింట్లో రెండుసార్లూ ఒకే చోట పోయింది, అది టేపు మీదే ఉన్న గాయం. అక్కడ రెండో కెమెరా షాట్ వేసుకోవాల్సిందే.

9వ రోజు: సన్నబడ్డ పెళ్లికూతురు, వెనక్కి నడిచే బారాత్

హెచ్‌డీవీ ఫ్రేము 1440 పిక్సెళ్ల వెడల్పు, కానీ బొమ్మ 16:9. ఒక్కో పిక్సెల్ 1.333 రెట్లు వెడల్పని ఫైలులో రాసి ఉంటుంది. ఆ గుర్తు పోయినా, సాఫ్ట్‌వేర్ పట్టించుకోకపోయినా మనుషులు నిలువుగా సాగి సన్నబడతారు. ప్రీమియర్‌లో 'ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్', ఎడియస్‌లో క్లిప్ ప్రాపర్టీస్, రిజాల్వ్‌లో క్లిప్ యాట్రిబ్యూట్స్. మూడింటిలోనూ ఒకే నిమిషం పని. కన్వర్టర్ల దగ్గరే అసలు ప్రమాదం: 1440ని చదరపు పిక్సెళ్లుగా భావించి 4:3 ఫైలు తయారుచేస్తాయి. అలా పాడైన ఫైళ్లు అటకలో ఉన్నాయి.

ఫీల్డుల సంగతి దీనికంటే లోతు. 50ఐ అంటే సెకనుకు 50 క్షణాలు, ప్రతి క్షణంలో సగం గీతలే. హెచ్‌డీవీ, ఎవీసీహెచ్‌డీ రెండింట్లోనూ పై ఫీల్డు ముందు. పాత పాల్ డీవీలో కింది ఫీల్డు ముందు. ఎడియస్‌లో ఏళ్లనాటి డీవీ ప్రాజెక్టు టెంప్లేటునే తెరిచి దాంట్లో హెచ్‌డీ వేస్తే క్రమం తారుమారు. నిలబడ్డ మనుషుల్లో ఏమీ కనిపించదు. బారాత్‌లో తీన్మార్ వేస్తున్నవాళ్లను చూడండి: ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కు వణుకుతుంటారు. బొమ్మలో ఇంత వణుకు ఉంటే కోడెక్ జోలికి పోకుండా ముందు ఫీల్డు క్రమం చూడండి.

ఎడిటింగ్ 50ఐ ప్రాజెక్టులోనే చేసి, బయటికి ఇచ్చేటప్పుడు డీఇంటర్లేస్ చేయడం, అంటే ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చడం, ఒక పద్ధతి. అయితే జూమ్, తిప్పడం, స్లో మోషన్ పెట్టే క్లిప్పుకు ముందే చేయాలి, లేకపోతే దువ్వెన పళ్లలాంటి గీతలు బొమ్మలో గట్టిపడిపోతాయి, తర్వాత ఎవరూ తీయలేరు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని బీడబ్ల్యూడిఫ్ ఫిల్టరుతో ఫీల్డుకు ఒక ఫ్రేము చొప్పున 50పీ తీశాం. 25పీకి దించితే కదలికలో సగం పారేసినట్టే. బారాత్‌లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అక్షతలు వేసే వరుసలో పెద్దగా తెలియదు.

ఒక ఉచ్చు: కొన్ని కెమెరాలు 25పీలో తీసి దాన్ని 50ఐ ప్రవాహంలో పెడతాయి. మీడియాఇన్ఫో ఇంటర్లేస్డ్ (ఫీల్డులుగా ఉన్నది) అనే చెబుతుంది. చేయి ఊపుతున్న చోట ఆపి చూస్తే గీతలు లేకపోతే అది నిజానికి ప్రోగ్రెసివ్, అంటే పూర్తి ఫ్రేములే. దాన్ని డీఇంటర్లేస్ చేస్తే బొమ్మ మెత్తబడడం తప్ప లాభం లేదు. ఇలాంటివి ఆరు ఫోల్డర్లు దొరికాయి.

11వ రోజు: తెల్లవారితే శుక్రవారం

విడి ఎంటీఎస్‌లు ఏ పెళ్లివో తేల్చాలి. ఫైలు తేదీ పనికిరాదు, కాపీ చేసిన తేదీలు కలిసిపోయాయి. కానీ ఎవీసీహెచ్‌డీ కెమెరాలు తీసిన తేదీ, సమయం వీడియో ప్రవాహం లోపలే రాస్తాయి. ఫైలు లోపలి సమాచారం చదివే ఎక్సిఫ్‌టూల్‌కు 'లోపలిది కూడా తీయి' అన్న ఆప్షన్ ఇస్తే ఆ తేదీ బయటికొస్తుంది. డబ్బా మార్చాక చాలా సాఫ్ట్‌వేర్లకు ఆ తేదీ కనిపించదు, కాబట్టి ఈ పని అసలు ఎంటీఎస్ మీదే ముందుగా చేయాలి.

తేదీల వారీగా ఫోల్డర్లు కట్టమని స్క్రిప్టుకు చెబితే మన పెళ్లిళ్లు దాన్ని ఓడించాయి. ముహూర్తం రాత్రి 2 గం. 17 ని.లకైతే ఒకే పెళ్లి రెండు తేదీల్లోకి చీలిపోతుంది. శుభలేఖలో "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని వేసేది ఇందుకే. రోజు హద్దును అర్ధరాత్రి నుంచి ఉదయం 10 గంటలకు జరిపాం. అప్పుడు రాత్రి పెళ్లిళ్లు, వాటి వెంటనే తెల్లవారి అప్పగింతలు ఒకే చోటికొచ్చాయి. పగటి పెళ్లిళ్లలో తెల్లవారుజామున తీసిన మంగళస్నానాలు ముందు రోజు ఫోల్డరులో పడ్డాయి. వాటిని చేత్తో సర్దుకున్నాం.

గడియారం సెట్ చేయని కెమెరాలూ ఉన్నాయి. యూనిట్‌లో దాచిన శుభలేఖల మీది ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టే ఫ్రేమును సరిపెట్టి తేడా లెక్కగట్టాం. పురోహితుడు నిమిషం అటూఇటూ అయినా, క్లిప్పుల వరుస తేలడానికి అది చాలు.

12వ రోజు: అమెరికా నుంచి వచ్చిన హ్యాండీక్యామ్

ప్రతి నాలుగో పెళ్లిలో ఒక బంధువు కెమెరా ఉంది. అది 60ఐ, అంటే సెకనుకు 59.94 ఫీల్డులు. 25 టైమ్‌లైన్‌లో వేయగానే కుదుపు. దానికి తోడు ట్యూబ్‌లైట్ల కింద తీసిన హాలంతా మినుకుమినుకు.

మినుకుకు లెక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు ఎగసి పడుతుంది. దాన్ని 60 సార్లు చూస్తే దాదాపు 20 హెర్ట్జ్ మినుకు మిగులుతుంది, అంటే ప్రతి మూడు ఫీల్డులకు ఒక చక్రం. ముందు బీడబ్ల్యూడిఫ్‌తో ఫీల్డులను విడదీసి, తర్వాత డీఫ్లికర్ ఫిల్టరు కిటికీని 3 గానీ 6 గానీ పెడితే వెలుగు సర్దుకుంది. మొదట 5 పెట్టాం, సగమే తగ్గింది. తీసేటప్పుడే షట్టరు సెకనులో 100వ వంతుకు పెట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. హాలోజన్ ఫోకస్ లైట్ల కింద తీసిన భాగాలు బాగానే ఉన్నాయి, ఫిలమెంటు అంత త్వరగా చల్లారదు.

కుదుపుకు రెండు దారులు. శబ్దం అవసరంలేని షాట్లయితే 59.94పీ క్లిప్పును 50పీగా భావించమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం. ప్రతి ఫ్రేమూ అసలుదే, వేగం 83 శాతానికి తగ్గుతుంది, పూలజడ షాట్లకు అది అందమే. మాటలున్న షాట్లయితే ఆప్టికల్ ఫ్లో (కదలికను బట్టి మధ్య ఫ్రేములను కట్టడం) పెట్టాలి. పూలు చల్లే చోట, చేతులు అడ్డుపడే చోట అది బొమ్మను కరిగిస్తుంది, అక్కడ ఫ్రేములను కలిపేసే మామూలు ఫ్రేమ్ బ్లెండింగే నయం.

14, 15 రోజులు: కన్వర్ట్ చేయాలా వద్దా

అంతా కలిపి ప్రోరెస్ అనే ఎడిటింగ్ కోడెక్‌లోకి మార్చేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. లెక్క వేశాం. ప్రోరెస్ 422, 1080లో సెకనుకు 25 ఫ్రేములకు 122 ఎంబీపీఎస్, గంటకు 55 జీబీ. ప్రోరెస్ ఎల్‌టీ అయితే 85 ఎంబీపీఎస్, గంటకు 38 జీబీ. అసలు ఎవీసీహెచ్‌డీ గంటకు 11 జీబీ లోపే. అయిదు రెట్ల జాగా పోసినా బొమ్మలో కొత్తగా వచ్చేదేమీ లేదు.

లాభం ఒకటే, టైమ్‌లైన్ మీద చురుకు. హెచ్.264లో మధ్య ఫ్రేము ఒకటి చూపించాలంటే గుంపు మొదటి నుంచి డీకోడ్ చేసుకుంటూ రావాలి. ప్రోరెస్‌లో ఏ ఫ్రేముకు ఆ ఫ్రేమే. అందుకే ఒకప్పటి ఎడియస్‌తో ఎవీసీహెచ్‌డీని కానోపస్ హెచ్‌క్యూలోకి మార్చే చిన్న సాధనం విడిగా ఉండేది. అప్పటి ప్రాసెసర్లకు అది తప్పనిసరి, మన మిక్సింగ్ యూనిట్ల అలవాటు అక్కడే పుట్టింది. ఇప్పటి సిస్టమ్‌కు ఆ అవసరం లేదు.

మూడు కెమెరాల షాట్లను ఒకేసారి ఆడించే మల్టీక్యామ్ పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. అసలు ఫైళ్లు మూడూ కలిపి 72 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 9 మెగాబైట్లు. హార్డ్‌డిస్కు నిద్రపోతూ ఇస్తుంది, భారం ప్రాసెసర్ మీద. ప్రోరెస్ 422 మూడు పెడితే సెకనుకు 46 మెగాబైట్లు. ప్రాసెసర్ ఖాళీ, హార్డ్‌డిస్కు హెడ్ మూడు చోట్లకు పరుగెత్తలేక ఆగి ఆగి ఆడింది. భారం చేయి మారిందంతే. ఎస్ఎస్‌డీలో పెడితే ఆడుతుంది, కానీ అటకంతా ఎస్ఎస్‌డీలో పట్టదు.

నిర్ణయం: అసలు ఫైళ్లు అలాగే. శబ్దం రానివాటికి ఆడియో మాత్రమే పీసీఎం. 60ఐ క్లిప్పులు, 50పీ కావాల్సిన బారాత్ షాట్లు మాత్రమే పూర్తి ట్రాన్స్‌కోడ్ (వేరే కోడెక్‌లోకి మార్చడం). ఎడియస్ వైపు హెచ్‌క్యూఎక్స్ కోడెక్, మిగతా వాటికి ప్రోరెస్ లేదా డీఎన్‌ఎక్స్ కోడెక్. మల్టీక్యామ్‌కు ఎస్ఎస్‌డీలో ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం సైజు తగ్గించిన నకళ్లు), 960×540. ప్రాక్సీకి ఫ్రేమ్ రేటు, నిడివి, ఆడియో చానళ్ల సంఖ్య అసలుదానితో సమానంగా ఉండాలి. 5.1 క్లిప్పులకు స్టీరియో ప్రాక్సీ కడితే ప్రీమియర్ తీసుకోలేదు, మళ్లీ కట్టాల్సి వచ్చింది.

టేపుల కోసం పెట్టిన లినక్స్ సిస్టమ్‌లోనే రిజాల్వ్ ఉచిత రూపం వాడుదామనుకునేవాళ్లకు: అక్కడ హెచ్.264 తెరుచుకోదు. విండోస్‌లో అదే ఉచిత రూపం తెరుస్తుంది. లినక్స్‌లోనే ఉండాలంటే కెడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంటీఎస్‌లను నేరుగా తీసుకుంది, ప్రాక్సీలూ అదే కట్టింది.

16వ రోజు: మిగిలినవి

38 టేపుల్లో 35 దిగాయి. మూడింటికి అంచుల మీద తెల్లటి బూజు. వానాకాలాల్లో అటక చెమ్మ పని అది. వీటిని పనిచేసే కెమెరాలో పెట్టలేదు, పెడితే హెడ్‌కు అంటిన బూజు తర్వాతి టేపుకు వెళ్తుంది. ఒక్కో టేపును సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టి వారం ఆరనిచ్చి, మూలన పడి ఉన్న పాత డీవీ కెమెరాలో అటూ ఇటూ చుట్టాలి. హెచ్‌డీవీని అది ఆడించలేదు గానీ క్యాసెట్ ఒకటే కాబట్టి చుట్టగలదు, పాడైనా నష్టం లేదు. రెండు టేపులు మొన్న డబ్బాలోకి వెళ్లాయి. మూడోదాని రీలు ఒకవైపు బిగుసుకుంది, దాని పెంకు విప్పి వేరే క్యాసెట్‌లోకి మార్చాలి. దానికి ఫిలిప్స్ నంబర్ 0 స్క్రూడ్రైవరు, చేతికి గ్లవ్స్, ఫ్యాను ఆపిన గది కావాలి.